ఊఁ కొట్టకుంటే కదలని రాక్షసుడు

అవ్వా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నేను సొంతంగ అచ్చేయించిన నవల అమ్మనీకి పట్టుకొని శామీర్‌పేట బస్టాపుల నిలబడ్డ. అందుల రాక్షసునికి తను కథల ఉన్నట్టు తెలుసు. సదివేటోళ్లు ఊఁ కొట్టకుంటే అడుగెయ్యడు. గా మొండితనం నీదే. నేను ఊఁ కొట్టుడు మరిస్తే కథ ఆపి, "నిద్రొచ్చిందా పిల్లా?" అంటుంటివి.

పొద్దటి సంది అందరు పుస్తకం అట్ట జూసి నవ్వి పోయిన్రు. ఇగ ఇంటికి పోదామనుకుంటుంటే, లా కాలేజీల సదివే పిల్లొకతి నిలబడే మొదటి పేజీ సదివింది. పేజీ కింద రాక్షసుడు, "ఊఁ అంటేనే తిప్పు" అంటడు.

ఆ పిల్ల అటిటు జూసి, మెల్లగ "ఊఁ" అని పేజీ తిప్పింది. బస్సొచ్చి పోయింది, తలెత్తలే.

మన రాక్షసుడు అడుగేసిండు, అవ్వా.