గడ్డం కింద తెల్లమచ్చలు

చిక్కడపల్లి,
ఆదివారం.

శ్రీవారికి మీ సంయుక్త చేసే నమస్కారాలు. ఇక్కడ మీ అమ్మగారు, నాన్నగారు, మీ చెల్లెలు రోజా, నేను, అందరం బాగున్నాం. మీరు కూడా అక్కడ బాగున్నానని రాశారు. చదివి ఒళ్ళు మండింది.

ఫోన్ ఎందుకెత్తడం లేదని అడిగారు. ఎత్తితే మీరు రెండు తియ్యటి మాటలు చెబుతారు, నేను కరిగిపోతాను, అసలు సంగతి అక్కడే ఉండిపోతుంది. బీహార్‌లో వంతెన కట్టే ఇంజనీరుగారు ఉత్తరమైతే చివరిదాకా చదువుతారని ఆశ. మధ్యలో "సరేలే" అనడానికి వీలుండదు కదా.

రోజా సంబంధం ఏమైందన్నారు. కాచిగూడ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. పిల్ల నచ్చింది. పెళ్ళికొడుకు తల్లి రోజా ఫోన్‌లో మీ ఫోటో చూసి, "గదవ కింద గా తెల్లమచ్చలేంది?" అని అడిగింది. మీ అమ్మగారు తడుముకోకుండా, "ఎండల తిరుగుతడు గద, కమిలింది" అన్నారు. వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వచ్చి, "బొల్లి అని తెలిస్తే సంబంధం తప్పిపోతది. పెండ్లి అయ్యేదాంక జర నోరు మూసుకో" అని నాకు హుకుం జారీ చేశారు.

బొల్లి కాదని మీకు తెలుసు. నిరుడు నెలల తరబడి జ్వరం తగ్గక, ప్లీహం ఉబ్బి, కాలా అజార్ అని తేలితే మందెక్కించి బతికించారు. ఆ రోగమే చర్మంలో మిగిలి ఇలా మచ్చలైందని అక్కడి డాక్టరు మీకు చెప్పి, పన్నెండు వారాలకు మాత్రలు రాశాడు. మీరేమో అమ్మ ముందు నోరు విప్పలేదు. ఆవిడ ఇచ్చిన తైలం పూసుకుని బుద్ధిమంతుడిలా రైలెక్కారు.

పైగా మాత్రలు ఆపేశానని ఎంత తేలిగ్గా రాశారండీ! వాంతులవుతున్నాయట, నొప్పీ జ్వరమూ లేవట, రోజా పెళ్ళయ్యాక చూసుకుంటారట. అదే ఉత్తరంలో కింద, సైటు పక్క గుడిసెలో ఉండే మీ వంటావిడ కూతురికి జ్వరం తగ్గట్లేదు, పాపం, అని కూడా రాశారు. ఏం పాపం? మిమ్మల్ని కుట్టిన ఇసుక ఈగ వెళ్ళి ఆ పిల్లను కుట్టదా? దోమలో సగం కూడా ఉండదట అది. మీ ఒంట్లోని పరాన్నజీవిని మోసుకెళ్ళి ఇంకొకరి ఒంట్లో దింపుతుంది. మీకు నొప్పి లేకపోతే సరిపోయిందా? సిగ్గుండాలి. ఆ పిల్లకు కూడా ఇదే రోగమేమో చూడమని మీరే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంకొకటి, మీరు వద్దన్న పని చేశాను. అశోక్‌నగర్ కోచింగ్ నుంచి రోజాతో నడిచి వస్తూ దారిలో అంతా చెప్పేశాను. "నా పెండ్లి కోసం అన్న మందులు బంద్ చేసిండా? గట్లాంటి పెండ్లి నాకొద్దు వదినా" అంది. తనే కాచిగూడ వాళ్ళకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళు ఇంకా ఏమీ తేల్చలేదు. మీ అమ్మగారు నాతో మాట్లాడడం మానేశారు. చెవులకు కాస్త సుఖంగానే ఉంది.

ఇక ఎవరికీ చెప్పని సంగతి. మీ రిపోర్టులు, ఫోటోలు పట్టుకుని నారాయణగూడలో ఒక చర్మవైద్యుడి దగ్గరికి వెళ్ళాను. ఈ జబ్బు ఇటువైపు కనబడదని, చదువుకునే రోజుల్లో ఒక్కసారి చూశానని అన్నాడు. ముందు కుష్టు కాదని తేల్చుకోవాలట, కుష్టయితే మచ్చ మీద స్పర్శ ఉండదట. "మచ్చల మీద ముట్టుకుంటే ఆయనకు తెలుస్తుందా అమ్మా?" అని అడిగాడు.

నాకేం తెలుసు? మొన్న సెలవుకు వచ్చి ఉన్నన్నాళ్ళూ మీరు హాల్లో చాప వేసుకుని పడుకున్నారు. నా చెయ్యి తగలబోతే పక్కకు జరిగారు. ముట్టుకుంటే అంటుకోదని డాక్టరు చెప్పినా నన్ను దగ్గరికి రానివ్వలేదు. కట్టుకున్నదాన్ని, తెలియదని ఎట్లా చెప్పను? సిగ్గుతో చచ్చిపోయి "తెలుస్తుంది" అన్నాను. ఆయన నమ్మాడు. "అయితే అక్కడి డాక్టరు చెప్పిందే నిజం కావచ్చు. మాత్రలు ఆపొద్దనండి, అన్నం తిన్నాక వేసుకోమనండి" అన్నాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. కోపంతోనే లెండి, ఇంకేదో అనుకోకండి.

టికెట్ తీసుకున్నాను. ఈ ఉత్తరం అందిన వారానికల్లా అక్కడుంటాను. మీ అమ్మగారిని అడగలేదు, మిమ్మల్నీ అడగడం లేదు. నేను రాగానే కళ్ళు మూసుకుని కూర్చోండి. ఒక్కో మచ్చ మీదా నేనే వేలు పెడతాను, ఎక్కడ ముట్టుకున్నానో మీరు చెప్పాలి. తెలియకపోతే ఇద్దరం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం. అంతేగానీ, ఈసారి పక్కకు జరిగితే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
ఇంకా మీ భార్యనే అయిన
సంయుక్త