సవారీ వచ్చిన కాళ్లు

29 నవంబర్ 2011, మధ్యాహ్నం
కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా కిటికీ గట్టు మీద పెట్టి నిలబడే రాస్తున్నాను, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ. వేసవంతా మంచం దిగకుండా గోడ చూస్తూ పడుకున్నదీ నేనే. డాక్టర్ ఇచ్చిన గోలీలతో మనసులో బరువు కొంచెం దిగింది. దిగి కాళ్లలో కూర్చున్నట్టుంది.

మేడ్చల్‌లో మొబైల్ షాపు ఓనరు, నన్ను చూస్తుంటే కస్టమర్లకు కళ్లు తిరుగుతున్నాయన్నాడు. రేపటి నుంచి రావద్దట.

2 డిసెంబర్
నాకు గ్యాస్ ట్రబుల్ అని అమ్మీ అందరికీ చెప్తోంది. గల్లీలో మాత్రం పాగల్ అనే అంటున్నారు. నౌరీన్ వాళ్లు సంబంధం వద్దని ఎప్పుడో కబురు పంపారు.

6 డిసెంబర్, సాయంత్రం
పీర్ల పండుగ ఆఖరి రోజు. రావల్కోల్‌లో పెద్ద పీరును ఎత్తేది మా ఇంటివాళ్లే. చోటే మియా చాచాకు మోకాళ్లు పోయాయి. ఇంట్లో మిగిలిన మగవాణ్ణి నేనే కాబట్టి నన్ను ఎత్తమన్నాడు.

పీరు చేతికి రాగానే చేతులు వణికాయి. కాళ్లు ఎలాగూ ఆగవు. సవారీ వచ్చిందని ఎవరో అరిచారు, పీరు నా ఒంటి మీదికి వచ్చాడని. డప్పులు జోరందుకున్నాయి. బిందెలతో కాళ్ల మీద నీళ్లు పోశారు. నిన్నటిదాకా నన్ను చూసి పక్కకు జరిగిన గండయ్య, దండం పెట్టి, తన బోరులో నీళ్లు పడతాయా అని అడిగాడు. తలూపాను. చాచా ఏడ్చాడు. ఇన్నేళ్లలో తనకెప్పుడూ ఇంత జోరుగా రాలేదట.

నా సైడ్ ఎఫెక్టుకు ఊరంతా మొక్కింది.

11 జనవరి 2012
గండయ్య బోరులో నీళ్లు పడ్డాయి. నా నసీబు.

4 మార్చి
ఇవాళ డాక్టర్‌కు కాళ్ల సంగతి చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని తిట్టి, గోలీ మార్చాడు. పాతవి పారేయమన్నాడు. పారేస్తానని అమ్మీ తీసుకుంది.

29 మార్చి
కూర్చుని అన్నం తిన్నాను. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా.

19 ఆగస్టు
తూంకుంటలో కొత్త వెంచర్ ఆఫీసులో పని దొరికింది. రోజంతా కుర్చీలోనే. ఈ సుఖం ఎవరికి చెప్పినా నవ్వుతారు.

ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు. నా చేతులు కళ్లకద్దుకోవడానికి వచ్చేవాళ్లు రావడం మానేశారు. పీరు అలిగాడని అమ్మీ దిగులు.

2 నవంబర్
పండుగ దగ్గరికొచ్చింది. పాత గోలీ కొన్నాళ్లు వేసుకుంటే ఏం పోతుందని చాచా అడిగాడు. ఎముకల్లో చీమలు పాకినట్టుంటుందని, నిద్ర ఉండదని, చచ్చిపోవాలనిపిస్తుందని చెప్పాను. ఆ బాధ నా ఒక్కడిది కాదట, ఊరిదట. కాళ్లు మాత్రం నావి. కుదరదన్నాను.

21 నవంబర్, పొద్దున
కాళ్లు మళ్లీ మొదలయ్యాయి. గోలీ ఒక్కరోజు కూడా తప్పలేదు. రోజూ అన్నం తినగానే అమ్మీ చేతిలో పెడుతుంది, వేసుకుంటాను.

సాయంత్రం
బియ్యం డబ్బా వెనక పాత గోలీల అట్ట దొరికింది. సగం ఖాళీ. ఈ నెల తెచ్చిన కొత్త గోలీల అట్ట ముట్టనే లేదు.

అడిగితే అమ్మీ నిజం దాచలేదు. పండుగ అయ్యేదాకానే అంది. పాగల్ తల్లి అన్నప్పుడు సిగ్గుతో చచ్చానని, కిందటేడు పీరు తల్లి అన్నప్పుడు తలెత్తుకుని తిరిగానని చెప్పింది. నేను అరిచాను, అమ్మీ కాళ్లు పట్టుకున్నాను, గోడకు తల కొట్టుకున్నాను. చాచా వచ్చి చూసి, సవారీ ముందే మొదలైందన్నాడు.

25 నవంబర్, సాయంత్రం
ఎత్తాను. ఈసారి నిరుటికన్నా ఎక్కువ వణికాను. ఊదు పొగ పట్టి, ఏం కావాలో అడుగు పీరా అన్నాడు చాచా. డప్పులు ఆగాయి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గీ పిలగాన్ని సతాయించకుండ్రి. డాక్టర్ ఇచ్చిన కొత్త గోలీనే ఇయ్యుండ్రి. ఇగ గీనితోని నన్ను ఎత్తియ్యకుండ్రి."

చాచా తల వంచాడు. గండయ్య చెంపలు వేసుకున్నాడు. ఇదే మాట నేను, సోహైల్‌ని, ఏడ్చి చెప్తే ఒక్కడూ వినలేదు. వీళ్లందరి మీదా ఇంత అసహ్యం నాకు ఎప్పుడూ కలగలేదు.

26 నవంబర్
అమ్మీ తల నిండా కొంగు కప్పుకుని, రెండు చేతులతో కొత్త గోలీ ఇచ్చింది. దాని మీద ఫాతెహా దువా చదివించిందట.

వేసుకోండి అంది. కన్నకొడుకుని, 'మీరు' అంది.