గల్లాపెట్టెలో వైఫై

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం 9.10

రాహుకాలం దాటాకే డైరీ తెరిచాను. మంచి పని కదా!

తీర్మానం: పది రోజుల్లో పెరట్లోని ఈతకొలను పంపుని ఇంటి వైఫైకి నా చేత్తో కలపాలి. ఎవర్నీ పిలవకూడదు.

కారణాలు:

1. మా ఆవిడ కనకలక్ష్మి మోకాలు. ఆపరేషనై నెల దాటింది. రోజూ ఇరవై నిమిషాలు నడుంలోతు నీళ్ళలో నడవమన్నాడు డాక్టరు. ఈ నెలలో వంగకపోతే కాలు అలాగే బిగుసుకుపోతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించట్లేదు.

2. పొద్దున తను దిగే వేళకి నీళ్ళు శుభ్రంగా ఉండాలంటే ఐదింటికే పంపు ఆడాలి. నేను ఏడింటికి గానీ లేవను. నరసరావుపేటలో నలభై ఏళ్ళు ఇనుప కొట్టు నడిపి రిటైరైనవాణ్ణి, ఆ మాత్రం నిద్రకి నోచుకోలేదా?

3. మా అమ్మాయి హరిత గుంటూరు నుంచి ఫోన్ చేసి, "నీ వల్ల కాదులే నాన్నా, మనిషిని పంపిస్తా" అంది. నా వల్ల కాదా!

(ఈ కొలను సరదాకి కట్టించింది కాదు. కొన్న ఇంటితో పాటు వచ్చింది.)

సెప్టెంబర్ 2. 11.40

కలిసింది! పంపు పక్కన వైఫై అందుకునే చిన్న బాక్సు పెట్టాను. వరండాలో కుర్చీలో కూర్చుని ఫోన్ నొక్కాను. పెరట్లో పంపు గుర్రుమంది!

"ఏమే, చూశావా?" అని అరిచాను.

"చూశాలెండి. పక్కింటోళ్ళు గూడా చూస్తన్నారు" అంది వంటింట్లోంచి.

రేపటి నుంచి ఐదింటికి దానంతటదే ఆడేట్టు పెట్టాను. ఒక్కరోజులో అయిపోయింది. మిగతా తొమ్మిది రోజులు ఏం చెయ్యాలో!

సెప్టెంబర్ 3. సాయంత్రం 4.00

పొద్దున పంపు ఆడింది. ఇప్పుడు చినుకులు. బాక్సు తడిస్తే? ఎవడన్నా ఎత్తుకుపోతే? విలువైన వస్తువుని ఆరుబయట వదిలేసే వంశం కాదు మాది.

కొట్లో వాడిన ఇనప గల్లాపెట్టె అటక మీద నుంచి దించాను. వైరు బయటికి రావడానికి కింద రంధ్రం ఉంది. బాక్సు లోపల పెట్టి, పెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి, తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. ఇప్పుడు నిశ్చింత.

సెప్టెంబర్ 4. 7.15

పంపు ఆడలేదు. ఫోన్లో ఎర్ర చుక్క. మబ్బు పట్టింది కదా, అందుకే.

సెప్టెంబర్ 5. 7.20

మబ్బు లేదు. ఎర్ర చుక్క ఉంది.

నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. ఆపి మళ్ళీ వెయ్యమన్నారు. నాలుగుసార్లు ఆపాను, నాలుగుసార్లు వేశాను.

నీళ్ళు పచ్చబడ్డాయి. కనకలక్ష్మి కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చింది. కాసేపు చూసింది. ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

సెప్టెంబర్ 6. మధ్యాహ్నం

తప్పు నాది కాదు. తప్పులు వీళ్ళవి:

నెట్ కంపెనీ వాళ్ళది.
మధ్యలో నాపరాళ్ళ గోడ కట్టినవాడిది.
ఈశాన్యం వదిలేసి ఆగ్నేయంలో పంపు పెట్టిన పాత యజమానిది.

సెప్టెంబర్ 8. 10.30

ఎలక్ట్రీషియన్ మీరా సాహెబ్‌ని పిలవలేదు. వీధిలో వెళ్తుంటే టీ తాగిపొమ్మన్నానంతే. తాగుతూ పెరట్లోకి చూశాడు.

"శెట్టిగారూ, ఆ పెట్టెలో ఏముంది?"

"వైఫై."

గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు. "ఇనప్పెట్టెలో పెట్టి తాళమేస్తే సిగ్నలు ఎట్టా వచ్చుద్ది సామీ? అయినా మీ గల్లాపెట్టెలో పడ్డది ఏదన్నా మళ్ళా బైటికొచ్చిందా ఏందీ!"

ఛీ! వెధవ బతుకు. తాళం తీశాను. ఎర్ర చుక్క పచ్చ చుక్క అయింది.

12.15. కరెంటు పోయింది.

12.40. కరెంటు వచ్చింది. బాక్సు నన్ను మర్చిపోయింది. పాస్‌వర్డ్ అడుగుతోంది. పాస్‌వర్డ్‌ని నేను మర్చిపోయాను.

సెప్టెంబర్ 9. 5.00

లేచాను. కళ్ళు మండుతున్నాయి. వెళ్ళి చేత్తో స్విచ్ వేశాను. ఇది ఓటమి కాదు. నీళ్ళు తేరుకునే దాకా తాత్కాలిక ఏర్పాటు.

సెప్టెంబర్ 11. 6.45

గడువు ముగిసింది. హరితకి ఏం చెప్పాలి?

నీళ్ళు తేటపడ్డాయి. నేను స్విచ్ దగ్గరే ఉన్నాను కదా, కనకలక్ష్మి వచ్చి చెయ్యి చాపింది. పట్టుకుని దింపాను. ఇరవై నిమిషాలూ గట్టు మీదే కూర్చున్నాను. గుత్తివంకాయలో కొబ్బరి వెయ్యాలా వద్దా అని పోట్లాడుకున్నాం. తనే గెలిచింది.

సెప్టెంబర్ 14. 7.00

నాలుగో రోజు కూడా దిగింది. మోకాలు నిన్నటికంటే వంగింది! వైఫై సంగతి చూడలేదు. తీరిక లేదు.

సెప్టెంబర్ 15. సాయంత్రం

హరిత నా మాట వినలేదు. మీరా సాహెబ్‌కి ఫోన్ చేసి పంపించింది. ప్లాస్టిక్ డబ్బా, గొట్టంలోంచి వైరు, కొత్త పాస్‌వర్డ్. ముప్పావుగంటలో అయిపోయింది. కరెంటు పోయి వచ్చినా మర్చిపోదట. హమ్మయ్య! రేపు ఏడింటి దాకా నిద్ర.

సెప్టెంబర్ 16. 8.00

ఏడింటికి లేచాను. పంపు ఐదింటికే ఆడింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కనకలక్ష్మి మాత్రం గట్టు మీద కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళు తడవలేదు.

"దిగలేదేం? నీళ్ళు బాగానే ఉన్నాయిగా?"

"నీళ్ళకేం, బానే ఉన్నయ్. కాలు జారితే ఆ ఫోనొచ్చి పట్టుకుంటదా అండీ?"

కుర్చీ పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

"మొదట్లో గూడా పచ్చనీళ్ళకి గాదు వెనక్కిపోయింది. ఒక్కదాన్నే దిగాలంటే చానా భయం. చెబితే నవ్వుతారని చెప్పలా."

నలభై ఏళ్ళ కాపురం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం కడుక్కునే వంకతో కుళాయి దగ్గరికి వెళ్ళాను. అటు నుంచి పంపు దగ్గరికి వెళ్ళి, మీరా సాహెబ్ బిగించిన వైరు లాగేశాను.

11.00. హరితకి ఫోన్ చేశాను. "మళ్ళీ పోయిందమ్మా. మీరా సాహెబ్‌ని అనకు, పాపం. వాతావరణం."

సెప్టెంబర్ 17, బుధవారం. 6.20

ఐదింటికే లేచి స్విచ్ వేశాను. గట్టు మీద కూర్చుని రాస్తున్నాను.

తీర్మానం: పది రోజుల్లో పంపుని ఇంటి వైఫైకి నా చేత్తోనే కలపాలి. ఎవర్నీ పిలవకూడదు. ఎవరన్నా వస్తే గేటు దగ్గరే టీ ఇచ్చి పంపెయ్యాలి. పది రోజులు చాలకపోతే ఇంకో పది.

కారణాలు:

1.

"రాసింది చాల్లెండి, చెయ్యియ్యండి" అంటోంది కొలను మెట్టు మీద నిలబడి.