జపాన్ ఇంజనీరు

వేలూరు, 1998

నాయనా ధనశేఖర్,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. చిత్తూరు డీలర్లకు పంచే పుస్తకం కోసం నీ కేబుల్ టీవీ పెట్టెల కంపెనీ చరిత్ర రాసిమ్మన్నావు. గుడియాత్తంలో మీ నాయన అగ్గిపెట్టెల కొట్టం, అక్కడి గంధకం వాసన... సరే, అదొక పెద్ద కథ. ఆ కొట్టంలోనే పాత టీవీలు విప్పి చూసి నేర్చుకుని, మొదటి పెట్టె తయారుచేసింది ముత్తమ్మ.

"అగ్గిపుల్లలు పేర్చే ఆయమ్మ చేసిందంటే ఎవరు కొంటారు మామా? జపాన్ ఇంజనీరు చేసినాడని రాయి" అన్నావు. ఆ లేని జపాన్ వాణ్ణి తలుచుకుంటేనే నాకు అన్నం సయించడం లేదు. ముత్తమ్మ పేరుతోనే చరిత్ర రాసి ఇందులో పెట్టాను. తమిళ బడిలో చదివిన నీకు తెలుగు చదవడం రాదు. నీకొచ్చే ఉత్తరాలు చదివి వినిపించేది ఆమే కదా.

నీ మామ

సామాను కొనడానికి ముత్తమ్మ వేలూరు వచ్చింది. కవరు అంటించకుండా ఆమె చేతికే ఇస్తున్నాను.