పాత స్ప్రింగుల మీద కొత్త క్యామ్

అన్నా,

నీ చెల్లె సుజాత దండాలు. ఇక్కడ ముగ్గురం తిని తిరుగుతున్నాం, ఒంట్లో బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? వదిన బీపీ గోళీలు మరిచిపోకుండా వేసుకుంటోందా? కొత్తింటికి రంగులు వేయడం అయిపోయిందా, ఇంకా నడుస్తూనే ఉందా?

ఈ ఉత్తరం నీ చేతికే, అదీ నీ ఇంజన్ల షెడ్డు దగ్గరే ఇమ్మని మన ఊరి బస్సు డ్రైవరుకు మరీ మరీ చెప్పాను. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. మెసేజ్ పెడదామంటే ఆ ఫోన్ ఎప్పుడూ వదిన చేతిలోనే. మనది కుండమార్పిడి సంబంధం కదా, నా మొగుడు ఆమెకు ముద్దుల తమ్ముడాయె. ఆయన మీద ఒక్క మాట రాసినా పొద్దుగూకేలోపు సూరత్‌లో మోగుతుంది. అందుకే పాతకాలపు మనిషిలాగా కాగితం పట్టుకున్నాను. నవ్వకు.

దసరా తర్వాత నుంచి నేను చీరలకు రాళ్లు అంటించే పని మానేశాను. మగ్గాల షెడ్డులో కండెలు చుట్టడానికి పోతున్నాను. నువ్వు చెప్పినట్టు చెవుల్లో దూది పెట్టుకుంటున్నాను. ఇంటికి వచ్చాక కాసేపు చెవుల్లో ఈల వేసినట్టు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది, భయపడకు. చలికాలం వచ్చిందన్న పేరే గానీ స్వెట్టరు పెట్టెలోనే ఉంది. ఇక్కడివాళ్లు పప్పులో కూడా చక్కెర వేస్తారు, నాకింకా నోటికి పట్టలేదు. నీ మేనకోడలు నిఖితకు అదే ఇష్టం, పచ్చిపులుసు చేస్తే మూతి తిప్పుతుంది! మన లింబాయత్ పేటలో తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు, కానీ అందరూ ఆయన దోస్తుల పెండ్లాలే. మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదన్నా. అదే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఇక అసలు సంగతి. ఆయన మగ్గాలు బాగుచేసే జాబరు పని వదిలేసి కారు కొన్నది నీకు తెలుసు. ఆ గ్యాసు బండిలోనే పక్కింటి మల్లేశాన్ని, ఇంకో ముగ్గురిని రోజూ ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీకి దించి వస్తాడు. దారిలో నిఖిత బడి. దానితో కలిపి ఐదుగురు ఎక్కితే వంతెన ఎక్కేటప్పుడు బండి మూలుగుతోందని ఆయన బాధ. దీపావళికి షెడ్లన్నీ మూసినప్పుడు గ్యారేజీలో ఎవరో రేసు బండ్ల ఇంజన్‌లో వాల్వులను నెట్టడానికి వేసే క్యామ్ షాఫ్ట్ చూపించి, ఇది వేస్తే "గాడీ ఉడేగీ" అన్నాడట. అంతే, ఈయన మనసు ముందే ఎగిరిపోయింది.

క్యామ్ ఒక్కటి మారిస్తే చాలదు, దానితోపాటు గట్టి వాల్వ్ స్ప్రింగులు, వాటి మీది టోపీలు, సీళ్లు, ట్యాపెట్లు, టైమింగ్ చైను, ప్యాకింగు కూడా మార్చాలి, తర్వాత కంప్యూటరు పెట్టి సెట్టింగు చేయించాలి అని ఆ గ్యారేజీ మనిషే చెప్పాడు. ఈయన వింటేగా!

"గవన్నీ బిల్లు పెంచే మాటలు. మగ్గాలకు ఎన్ని క్యాములు మార్చిన నేను! స్ప్రింగు లూజైతే ఇంకో కన్నంల తగిలిస్తిమి, అయిపాయె."

"మగ్గంల ఏమన్న అయితే పోగు తెగుతది, ముడేసుకుంటం. రోడ్డు మీద ఏం ముడేస్తవు?" అన్నాను.

"నీ నోట్లకెల్లి ఒక్క మంచి మాట రాదేందే?"

అట్లా క్యామ్ ఒక్కటే వేయించుకుని వచ్చాడు. మొదటి వారం బండి నిజంగానే ఉరికింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వంతెన మీద నిఖిత చప్పట్లు కొట్టింది. ఆ ఆదివారం మమ్మల్ని డుమస్ తీసుకెళ్లాడు. సముద్రం గాలికి కూర్చుని టమాట భజ్జీలు తిన్నాం, చాలా రోజులకు కడుపారా నవ్వుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ రోడ్డు కనపడగానే తొక్కాడు. అప్పుడు విన్నానన్నా. ముందు నుంచి టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడు. గోరుతో గిన్నె మీద కొడుతున్నట్టు.

"ఏందది?" అన్నాను.

"ఏది? నాకేం వస్తలేదు," అన్నాడు.

ఆయన అబద్ధం ఆడలేదు. నిజంగానే వినపడలేదు. ఇంట్లో టీవీ అంత పెద్దగా ఎందుకు పెడతాడో, నిఖిత వెనక నుంచి పిలిస్తే ఎందుకు పలకడో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నీకు గుర్తుందా, నువ్వు మా దగ్గర ఉండి మగ్గాల పని చేస్తున్నప్పుడు, గోడ గడియారం టిక్కుమనడం లేదు, ఆగిపోయిందని దించి సెల్లు మార్చావు. మర్నాడు మళ్లీ దించావు. అది తిరుగుతూనే ఉంది. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆ గడియారం ఇంకా మా గోడకే ఉంది, దాన్ని చూస్తే ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆయనకు చెప్పకుండా గ్యారేజీకి పోయి అడిగాను. ఆ మనిషి తల గోక్కుని, "బహెన్, మైనే తో బోలా థా," అన్నాడు, తను ముందే చెప్పానన్నట్టు. కొత్త క్యామ్ వాల్వులను ఎక్కువ లోతుకు నెడుతుందట, పాత స్ప్రింగులు వాటిని అంత తొందరగా వెనక్కి లాగలేవట. ఒక్క స్ప్రింగు తెగి వాల్వు లోపల పడిందంటే ఇంజన్ అక్కడికక్కడే పట్టేస్తుందట. ఇచ్ఛాపూర్ రోడ్డు నీకు తెలియనిదా? వెనక అన్నీ ఇనుము మోసే ట్రైలర్లే. అవి మన కోసం ఆగుతాయా!

ఇంటికి వచ్చి చెబితే ఇంతెత్తున లేచాడు. "నన్ను చెవిటోడు అంటున్నవా? మల్లేశం ముంగట అన్నవంటే చూడు," అన్నాడు. ఆయన పరువు కోసం నోరు మూసుకున్నాను. కానీ రోజూ ఆ కారు మలుపు తిరిగేదాకా నా ప్రాణం నాలో ఉండదు.

ఇంకో మాట విను. మీ గృహప్రవేశానికి బస్సులో కాదు, కారులోనే వస్తాడట. "బావ చెయ్యి పెట్టి చూడాలె నా ఇంజన్," అంటున్నాడు. అంత దూరం, నిఖితను ఎక్కించుకుని! వచ్చే ఆదివారమే ప్రయాణం.

నీ మాటంటే ఆయనకు గురి. వినికిడి పోయినా ఇంజన్ మీద చెయ్యి ఆనించి రోగం చెప్పేవాడివి నువ్వు. కారు తెస్తే గడప తొక్కనివ్వనని నీ పేరు మీద మెసేజ్ పెట్టించు. వదిన అడిగితే కొత్తింటి ముందు బండ్లకు జాగా లేదని చెప్పు. ఉత్తరంతోపాటు పంపే పొట్లంలో పాత క్యామ్ పెట్టాను, ఆయన పాత ఇనుము వాడికి వేయబోతే దాచాను. బండిలోని స్ప్రింగులు ఈ దెబ్బకు వదులై ఉంటాయి, దీని కొలతకు సరిపోయే కొత్తవి దొరికితే అదే బస్సులో రెండూ పంపు, పాతదే మళ్లీ బిగించేద్దాం. దానికి చుట్టిన చీర ముక్కలు వదినకు, జాకెట్లకు పనికొస్తాయి.

పెద్దమ్మ కాళ్లకు నా బదులు మొక్కు. పిల్లలను అడిగానని చెప్పు. మమ్మల్ని చల్లగా ఉండమని దీవించు.

నీ చెల్లె,
సుజాత

అన్నా, కవరు అంటించాక మళ్లీ చింపాను. నిన్న షెడ్డు నుంచి వస్తుంటే ఆయన ఎదురొచ్చి కారు ఎక్కించుకున్నాడు. వంతెన దాకా గట్టిగా తొక్కి, "ఇప్పుడు చెప్పు, వస్తున్నదా?" అన్నాడు. చెవులు రిక్కించి విన్నాను. ఏ చప్పుడూ లేదు. ఎంత సంతోషపడ్డానో! తప్పైపోయిందని ఆయన చెయ్యి పట్టుకున్నాను. వెనక సీట్లో నిఖిత రెండు చెవులూ మూసుకుని కూర్చుంది.

"మమ్మీ, చప్పుడు బంద్ ఎక్కడైంది? కల్ సే జ్యాదా గట్టిగా వస్తున్నది," అంది.

నా చెవులే పొద్దున్నకు సర్దుకుంటాయిలే అనుకుని పడుకున్నాను. ఇప్పుడే లేచి గోడ గడియారం కింద నిలబడ్డాను. ఏమీ వినపడలేదు. దించి చూశాను. ముల్లు తిరుగుతూనే ఉందన్నా.

కింద ఆయన హారన్ కొడుతున్నాడు, అది వినపడుతోంది. మల్లేశం వాళ్లు ఎక్కి కూర్చున్నారని నిఖిత కిటికీలోంచి చూసి చెప్పింది. దాన్ని వెంటబెట్టుకుని దిగుతున్నాను. పరువు పోతే పోనీ, చప్పుడు ఎట్లా వస్తోందో అందరి ముందూ దాని నోటితోనే చెప్పిస్తాను. మా ఇంట్లో చెవులున్నది ఇప్పుడు అదొక్కతే.