బ్రాకెట్లో నువ్వు

రాఘవులూ, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది.

మన వనపర్తి బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. నువ్వు చేసినట్టే నేనూ సుద్దపొడి అద్దిన దారంతో బోర్డు మీద గీత కొట్టి, ఇంగ్లీషు వాక్యాన్ని విడదీసి చూపిస్తున్నాను. కర్త ఎడమవైపు, క్రియ కుడివైపు. "షట్ ది డోర్"లో కర్త కనబడదు కదా, అందుకని నీలాగే ఎడమవైపు బ్రాకెట్లో "యూ" అని రాశాను.

"ఏంది గీ గీతలు? లేనోణ్ని గీడెందుకు రాసినవ్?" అంటూ ఆయన పిల్లల ముందే మొత్తం తుడిచేశాడు.

"కనబడకపోయినా పని చేసేటోడు ఉన్నడు సార్," అన్నాను.

"బట్టీ పట్టియ్యి, చాలు," అన్నాడు.

నీ మీదా కోపమే. నువ్వు ఆ ఆఖరి జ్వరంతోనే పాఠం చెప్తుంటే "దవాఖానకు పో" అని ఎంత మొత్తుకున్నాను, విన్నావా! ఆ వాక్యానికి కర్తవు నువ్వే. ఆ సంగతి నీకే తెల్వదా?

బడి వదిలాక బోర్డు మీద మళ్లీ గీత కొట్టాను. కుడివైపు తెలుగులోనే "రా" అని రాశాను. ఎడమవైపు బ్రాకెట్లో "నువ్వు".

రేపొచ్చి తుడవమను, చూస్తాను.