కోల్బీ టిల్లరీకి పడిన సగం ఆట శిక్ష

మహారాజశ్రీ హాల్‌స్టెడ్ వింగేట్ గారి సముఖమునకు,
రెఫరీల పర్యవేక్షణాధికారి, నదీలోయ కళాశాలల ఫుట్‌బాల్ సంఘము.

బ్రాక్స్‌టన్ పట్టణ వాస్తవ్యుడు, కౌంటీ భూరికార్డుల కార్యాలయపు గుమాస్తా రాయ్స్ టిల్లరీ వ్రాసుకొన్న అర్జీ. బుధవారము.

అయ్యా,

విషయం: గత శనివారపు ఆటలో ఇరవై ఏడో నంబరు ఆటగాడు, నా కుమారుడు కోల్బీ టిల్లరీపై విధించిన శిక్షను రద్దు చేయుట గురించి.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఇతరుల అర్జీలపై ముద్ర వేయుచున్న వాడనే గాని, స్వయముగా ఒక్కటి వ్రాసిన పాపమున పోలేదు. అయినను ఊరివారు ఓటిస్ క్షౌరశాలలో సమావేశమై, దస్త్రపు భాష తెలిసినవాడివి నీవే గనుక నీవే వ్రాయవలెనని తీర్మానించినారు. మూడువందల పన్నెండు మంది సంతకములు ఇందువెంట జతపరచడమైనది. అర్జీలో ఏముండునో చూడకుండ, ఖాళీ కాగితములపైననే సంతకములు చేసి ఇచ్చినారు. మా కార్యాలయమునకు ఎవరైనా అట్లు తెచ్చిన యెడల నేను మొగము మీదనే వెనుకకు ఇచ్చివేయుదును. కాని ఇది ఫుట్‌బాల్ వ్యవహారము.

1. సదరు ఆట చివరి క్వార్టరులో ఈస్ట్ హార్లన్ జట్టు ఆటగాడు వెస్లీ క్రౌడర్ గాలిలోనికి ఎగిరి బంతిని చేతులతో అందుకొని, కాళ్ళు నేల మోపునంతలో, నా కుమారుడు ఎదురు పరుగున వచ్చి అతనిని ఢీకొట్టెను. తల వంచి, హెల్మెట్టు నెత్తితో ఎదుటివాని హెల్మెట్టును పొడిచినాడని రెఫరీ తప్పునకు గుర్తుగా పసుపు గుడ్డ విసిరెను. మా జట్టును పదిహేను గజములు వెనుకకు నెట్టు జరిమానా, అప్పటికప్పుడు ఆట నుండి గెంటివేత, ఆ పైన రానున్న శనివారపు ఆటలో మొదటి సగము ఆడరాదని శిక్ష. రానున్న శనివారము మావాడికి సొంత మైదానములో ఆఖరి ఆట. ఆ రోజున ఆఖరి ఏటి పిల్లలను తల్లిదండ్రులు చేయి పట్టుకొని మైదానము నడిమికి నడిపించుకొని వెళ్ళెదరు. పిమ్మట ఆ పిల్లలే మొదటి బంతికి దిగెదరు. మా ఊరిలో దీనిముందు పెండ్లి కూడ దిగదుడుపే. నా భార్య నెల్డా రెండు నెలల క్రిందటనే కొత్త గౌను కొని పెట్టుకొన్నది.

2. రెఫరీ ఆ దెబ్బను తెరపై నాలుగు నిమిషములు చూచి తీర్పు చెప్పినాడు. మేము నాలుగు రోజులుగా చూచుచున్నాము. ఓటిస్ తన దుకాణములోని టీవీని ఆపి ఆపి, దువ్వెన పెట్టి కొలిచినాడు. మొదట తగిలినది భుజమేనని పదకొండు మంది, తగిలినది హెల్మెట్టే గాని కావలెనని కాదని తొమ్మిది మంది, క్రౌడరే తన తలను తెచ్చి మావాడి హెల్మెట్టుకు మోదుకొన్నాడని ఆరుగురు తేల్చినారు. తమరు ఈ మూడింటిలో దేనిని ఆమోదించినను మాకు అభ్యంతరము లేదు.

3. తలతో కొట్టరాదను ఈ నిబంధన వచ్చినప్పటి నుండి ఆట ఆటగా లేదని పెద్దలు వాపోవుచున్నారు. వెనుకటి జట్టులో ఆడిన మెల్విన్ గారు కుర్చీలో సగము గడ్డముతో లేచి నిలబడి, తమ రోజులలో ఇటువంటి దెబ్బలు పూటకు ఇరవై తగిలేవని, తమకేమైనా అయినదా అని సభను నిలదీసినారు. ఆయన అదే మాటను ఆ ఉదయము నాలుగు సార్లు, మొదటిసారి చెప్పుచున్నట్లే చెప్పినారు. ఓటిస్ ఆయనను మెల్లగా కూర్చోబెట్టి మిగతా గడ్డము గీసినాడు. సభ్యులు ఏకగ్రీవముగా ఆయన వాదనను అర్జీలో చేర్చుమన్నారు. చేర్చితిని.

4. శిక్ష అన్యాయమనుటకు లిఖితపూర్వకము కాకపోయినను కంటికి కనిపించు ఆధారము ఒకటి కలదు. మా జట్టులో గట్టి దెబ్బ కొట్టిన పిల్లవాని హెల్మెట్టుపై చిన్న సుత్తి బొమ్మ అంటించుట ఆచారము. సోమవారము కోచ్ లాఫ్టిస్ గారు సరిగ్గా ఈ దెబ్బకే మెచ్చి, జట్టంతా చప్పట్లు కొట్టుచుండగా, మావాడికి ఇరవై రెండో సుత్తి అంటించినారు. ఒకే దెబ్బకు సంఘము శిక్ష వేసినది, కళాశాల బహుమానము ఇచ్చినది. ఇద్దరిలో ఒకరు పొరబడియుండవలెను. పొరబాటు సంఘముదేనని కోచ్ గారి అభిప్రాయము.

5. అన్నిటికంటె ఘోరమైనది రెండవ జరిమానా. దెబ్బ తగిలిన పిమ్మట మావాడు లేచి, మా బెంచీ వైపు రాక, తిన్నగా ఈస్ట్ హార్లన్ వారి బెంచీ దగ్గరకు నడిచి వెళ్ళి, వారి నడుమ కూర్చొని, వారి సీసా అడిగి నీళ్ళు త్రాగెను. ఎదుటి జట్టును వెక్కిరించినాడని రెఫరీ మరియొక గుడ్డ విసరి, మరి పదిహేను గజములు కోసెను. మా ఊరివారు మాత్రము ఆ తెగువకు మురిసిపోయినారు. ఆదివారానికల్లా మావాడు శత్రువుల బెంచీ మీద దర్జాగా కూర్చున్న బొమ్మతో చొక్కాలు అచ్చయినవి. అర్జీదారుని వద్ద రెండు కలవు. ఆ క్షణమున నేనును లేచి నిలబడి ఈల వేసితిని.

కాని అది వెక్కిరింపు కాదు. మావాడు ఎవరినీ వెక్కిరించే రకము కాదు. అందుకు ఋజువులు క్రింద సమర్పించుకొనుచున్నాను.

(అ) ఆట ముగిసి కారులో ఇంటికి వచ్చునప్పుడు, ఎవరు గెలిచారు నాన్నా అని అడిగాడు. మనమే అన్నాను. పిండిమిల్లు దాటాక మళ్ళీ అడిగాడు. వంతెన దగ్గర మళ్ళీ అడిగాడు. నేను వేళాకోళమనుకొని, మూడోసారి ఓడిపోయామని చెప్పాను. సరేనన్నాడు.

(ఆ) ఆదివారం చర్చిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని కూర్చున్నాడు. సినిమా హీరో అయిపోయాడని అందరూ భుజం తట్టారు. ఆర్గాన్ మొదలవగానే రెండు చేతులతో చెవులు మూసుకొని బయటికి వెళ్ళిపోయాడు.

(ఇ) మధ్యాహ్నం వాళ్ళమ్మ కోడి వేయించింది. కడుపునిండా తిన్నాడు. ప్లేట్లు తీసేశాక, కోడి వేయిస్తానన్నావు కదమ్మా, ఎప్పుడు అని అడిగాడు. నెల్డా నవ్వింది. వాడు నవ్వలేదు.

అనగా, సదరు సమయమున నా కుమారుడు తన బెంచీ ఏదో, ఎదుటివారి బెంచీ ఏదో ఎరుగని స్థితిలో ఉన్నాడనియు, ఒకరిని వెక్కిరించునంతటి తెలివిలో లేడనియు ఇందుమూలముగా రుజువగుచున్నది. కావున ఆ పదిహేను గజములు

పై వాక్యము పూర్తి చేయలేదు. లేచి వెళ్ళి మొహం కడుక్కొని వచ్చాను. వ్రాసినదంతా మొదటి నుంచి చదువుకున్నాను. ఇరవై ఆరేళ్ళలో నా బల్ల మీదికి ఇంత గట్టి రుజువులున్న అర్జీ రాలేదు.

6. నిన్న మధ్యాహ్నం మా ఇంటికి ఫోను వచ్చింది. దెబ్బ తిన్న క్రౌడర్ తల్లి. నేను పక్కనే ఉన్నాను. తిట్టడానికే చేసి ఉంటుంది, పెట్టెయ్యమని నెల్డాకు సైగ చేశాను. నెల్డా పెట్టెయ్యలేదు.

"మీవాడెలా ఉన్నాడమ్మా?" అని అడిగిందట ఆవిడ. "మావాణ్ణి నలుగురు డాక్టర్లు చూశారు, రెండు వారాలు హెల్మెట్టు ముట్టుకోవద్దన్నారు. అంత దెబ్బ మీవాడి తలకీ తగిలే ఉంటుంది కదా. వాణ్ణి ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదండీ. పడిపోయినవాడి చుట్టూ నలుగురు డాక్టర్లు మోకాళ్ళ మీద కూర్చున్నారు. లేచి నిలబడినవాణ్ణి ఆట నుంచి గెంటేశారు కనుక ఒక పోలీసాయన వెంట నడిచి దుస్తుల గదిలో దించి వచ్చాడు. వాడక్కడ గంటసేపు ఒక్కడే కూర్చున్నాడు. శిక్ష పడ్డవాడికి వైద్యం కూడా చూడాలని మా జట్టులోగానీ, తమ నిబంధనల పుస్తకం పట్టుకున్నవాళ్ళలోగానీ ఎవరికీ తోచలేదు. కన్నతండ్రిని, నాకూ తోచలేదు. నేను చొక్కాల కొలతలు ఇచ్చే పనిలో ఉన్నాను.

నెల్డా ఫోను పెట్టేసింది. తర్వాత నా ముందున్న సంతకాల కట్ట వైపు చూసి అంది:

"మూడొందల మంది సంతకాలు పెట్టారు. వాడెలా ఉన్నాడని అడిగింది మాత్రం ఆవిడొక్కతే. ఏం ఊరయ్యా ఇది. ఏం తండ్రివయ్యా నువ్వు."

7. తమరు అడగవచ్చును, జట్టులో తల పరీక్ష చేయరా అని. చేసినారు, సోమవారము. మాటలు గుర్తు పెట్టుకొనుట, బొమ్మలు పోల్చుట, తెరపై చుక్క కనిపించగానే మీట నొక్కుట. ఆటలు మొదలు కాకముందు ఆగస్టులో ఒకసారి అదే పరీక్ష చేసి, ఆ మార్కులతో పోల్చి చూచెదరు. తగ్గినచో ఆడనివ్వరు. మావాడికి తగ్గలేదు, పెరిగినవి.

ఎందుకు పెరిగాయో నాకు తెలుసు. ఆగస్టు పరీక్షలో కావాలనే తప్పులు చేయమని, మీట నెమ్మదిగా నొక్కమని వాడికి చెప్పి పంపింది నేనే. ఇక్కడ తండ్రులందరూ చెప్పేదే. మా నాన్న నాకు సైకిలు నేర్పినట్టు, నేను వాడికి అది నేర్పాను. ఎప్పుడైనా చిన్న దెబ్బ తగిలితే అనవసరంగా బయట కూర్చోబెట్టకుండా ఉంటారని.

నిన్న ఫోను వచ్చాక కోచ్ గారి గదికి వెళ్ళాను. మావాడు కొంచెం తేడాగా ఉన్నాడండీ అన్నాను. ఆయన కాగితం తీసి చూపించాడు.

"ఆగస్టుకంటే పదకొండు ఎక్కువొచ్చాయి రాయ్స్. దెబ్బ తగిలాక మీవాడికి బుర్ర తెరుచుకున్నట్టుంది."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అసలు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే వాడికి దొంగ అని పేరొస్తుంది, మిగిలిన పిల్లలందరి పరీక్షలూ తిరగదోడతారు, శనివారం దిగడానికి జట్టే ఉండదు. ఊళ్ళో ఇక నా మొహం ఎవరూ చూడరు. టోపీ పెట్టుకొని వచ్చేశాను. అయ్యా, నేను పిరికివాణ్ణి. ఈ మాట ఇంతవరకు ఏ దస్త్రములోనూ వ్రాయలేదు.

ఇంటికొచ్చి మావాడినే అడిగాను, శనివారం మానెయ్యరా అని. వాడు కర్టెన్లు వేసుకొని పడుకొని ఉన్నాడు.

"ఒక్క సగం ఆటే కద నాన్నా. నెమ్మదిగా నొక్కమని చెప్పింది నువ్వే. ఇప్పుడు నువ్వే వెళ్ళి చెప్పేస్తావా? చెబితే ఇక నాతో మాట్లాడకు."

వాడు నాతో మాట్లాడకుండా ఎన్నడూ లేడు. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కావున అయ్యగారు పై సంగతులన్నియు దయతో ఆలకించి, నా కుమారునిపై విధించిన సగము ఆట శిక్షను తక్షణమే రద్దు చేసి, మొదటి బంతి నుండి ఆడుటకు ఉత్తరువు దయచేయవలెనని బ్రాక్స్‌టన్ పట్టణ ప్రజల తరఫున ప్రార్థించుచున్నాను. ప్రజాభీష్టమును తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రాయ్స్ టిల్లరీ

తా.క.: పైన ఉన్న ప్రార్థన ఊరిది. ఇది నాది.

శిక్షను రద్దు చేయవద్దు. రెండో సగానికి కూడా పొడిగించండి. సగం ఆట ఆగి ఆడితే తలకు ఏం ఒరుగుతుందో, ఆ సగం లెక్క ఎవరు కట్టారో నాకు అర్థం కావడం లేదు. మొదటి సగంలో పనికిరాని తల రెండో సగంలో ఎలా పనికొస్తుందండీ. కారణం అడిగితే, ఎదుటివారి బెంచీ మీద కూర్చొని వెక్కిరించినందుకు అదనపు శిక్ష అని వ్రాయండి. తమ పుస్తకం లావుగానే ఉంటుంది, ఏదో ఒక సెక్షను దొరుకుతుంది. తల సంగతి మాత్రం ఎక్కడా వ్రాయవద్దు. వెక్కిరించాడంటే మావాడు తలెత్తుకు తిరుగుతాడు, ఊరు వాణ్ణి నెత్తిన పెట్టుకుంటుంది. శుక్రవారం ఊరి బయటి పెద్దాసుపత్రిలో చూపించడానికి వాళ్ళమ్మ అపాయింట్‌మెంట్ తీసుకుంది. డాక్టరు చూసి సరేనన్నాకే శిక్ష తీరుతుందని కూడా ఒక ముక్క కలిపితే, వాడు మారుమాట లేకుండా కారెక్కుతాడు.

ఐదో అంశం నుంచి ఉన్న కాగితాలు, ఈ కాగితంతో సహా, చదివి చించెయ్యండి. మొదటి నాలుగు అంశాలూ, విడి కాగితం మీద వ్రాసిన ప్రార్థన, సంతకాలూ దస్త్రంలో ఉంచితే చాలు.

ఇంకొక్క మాట. తమ ఉత్తరువు వచ్చాక, శనివారం మైదానంలో తమరి పేరు పెట్టి తిట్టేవాళ్ళు వేలమంది ఉంటారు. అందులో అందరికంటే పెద్ద గొంతు నాదే అవుతుంది. తమరు ఏమీ అనుకోవద్దు. మా సీట్లు వాడి బెంచీకి వెనకాలే, వాడికి వినపడాలి.